ముఖం కనిపించని సొమ్ము

తెలుగు దినపత్రికల జిల్లా పేజీల్లో ఏడాది పొడుగునా వచ్చే వార్త ఒకటుంది. ఆటోలో ఎవరో బ్యాగు మరచిపోతారు. అందులో బంగారమో, పెళ్లికి దాచిన నగదో ఉంటుంది. డ్రైవరు దాన్ని తీసుకెళ్లి పోలీస్‌స్టేషన్‌లో అప్పగిస్తాడు. సీఐ శాలువా కప్పుతాడు, ఫొటో తీస్తారు, ‘నిజాయితీ చాటుకున్న ఆటో డ్రైవర్’ అని శీర్షిక పెడతారు. ఆ డ్రైవరంటే నాకు ఎంతో గౌరవం. నా అభ్యంతరమల్లా ఆ వార్త వెనకున్న అంచనా మీదే. పేదవాడి చేతికి పెద్ద సొమ్ము చిక్కితే ఉంచేసుకుంటాడని ముందే అనుకుంటాం గనకే, తిరిగిచ్చినప్పుడు ఆశ్చర్యపోతాం. అదే ఊళ్లో, అదే రోజు, కోటి రూపాయల ఇంటిని నలభై లక్షలకు అమ్మినట్టు దస్తావేజు రాయించుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లు దిగిన వాళ్ల గురించి వార్త రాదు. తప్పు చేశామని వాళ్లకూ అనిపించదు.

డబ్బు దగ్గర మనిషి ఎప్పుడు నిలబడతాడు, ఎప్పుడు జారతాడు? గత పదిహేనేళ్లలో ఈ ప్రశ్న మీద అనేక దేశాల్లో ప్రయోగాలు జరిగాయి. మన చట్టం దీని గురించి నూట అరవై ఏళ్ల కిందటే ఆలోచించింది. మన అప్పుల, నోట్ల, చీటీల లోకానికి దీని మీద తనదైన తీర్పు ఎప్పటినుంచో ఉంది. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఇది: సొమ్ము పెద్దదైనంత మాత్రాన మనుషులు జారిపోవడం లేదు. ఆ సొమ్ము పోగొట్టుకునే మనిషి ముఖం ఎంత మసకబారితే అంత తేలిగ్గా జారుతున్నారు.

ముందు పర్సుల సంగతి. 2013లో రీడర్స్ డైజెస్ట్ పత్రిక 16 నగరాల్లో, నగరానికి 12 చొప్పున పర్సులు జారవిడిచి చూసింది. హెల్సింకీలో 11 తిరిగొచ్చాయి. రెండో స్థానం ముంబయిది, అక్కడ 9 వచ్చాయి. లిస్బన్‌లో వచ్చింది ఒక్కటే. పన్నెండేసి పర్సులతో ఒక నగరం గుణాన్ని తేల్చలేం. అది పత్రిక చేసిన సరదా పరీక్ష, శాస్త్రం కాదు. అసలైన పని 2019లో సైన్స్ పత్రికలో వెలువడింది. పరిశోధకులు 40 దేశాల్లోని 355 నగరాల్లో 17,303 పర్సులు వాడారు. బ్యాంకు, హోటలు, పోస్టాఫీసు, సినిమాహాలు, పోలీస్‌స్టేషన్ లాంటి చోట్ల కౌంటరు దగ్గరికి వెళ్లి, ‘ఇది బయట దొరికింది, నాకు తొందర పని ఉంది, మీరు చూసుకోండి’ అని అక్కడున్న ఉద్యోగి చేతిలో పర్సు పెట్టి వెళ్లిపోయేవారు. లోపలున్నదంతా బయటికే కనిపించే పారదర్శకమైన పర్సు అది. అందులో పేరూ ఈమెయిలూ ఉన్న కార్డులు, స్థానిక భాషలో రాసిన సరుకుల చీటీ, ఒక తాళంచెవి ఉండేవి. కొన్నిటిలో డబ్బు ఉండేది, కొన్నిటిలో ఉండేది కాదు.

డబ్బులేని పర్సుల్లో నూటికి 40 గురించి యజమానికి కబురు వచ్చింది. సుమారు 13 డాలర్ల విలువైన డబ్బున్న వాటిలో 51 గురించి వచ్చింది. అమెరికా, బ్రిటన్, పోలండ్‌లలో డబ్బును 94 డాలర్లకు పెంచి చూస్తే 72కు చేరింది. ఫలితం ఎలా ఉంటుందని ముందుగా అడిగితే ఆర్థికవేత్తలు సైతం సరిగ్గా ఊహించలేకపోయారు. డబ్బు పెరిగే కొద్దీ తిరిగొచ్చే పర్సులు తగ్గుతాయనే సామాన్యులు అనుకున్నారు. 40 దేశాల్లో 38 చోట్ల జరిగింది అందుకు విరుద్ధం. భారతదేశం ఆ జాబితాలో కింది సగంలోనే ఉంది, అయినా ఇక్కడ కూడా డబ్బున్న పర్సులే ఎక్కువగా తిరిగొచ్చాయి.

ఈ అధ్యయనంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది తాళంచెవి. అది దొరికినవాడికి దేనికీ పనికిరాదు, పోగొట్టుకున్నవాడికి మాత్రం ప్రాణం. కొన్ని పర్సుల్లోంచి తాళంచెవి తీసేసి చూస్తే, తిరిగొచ్చేవి నూటికి తొమ్మిదికి పైగా తగ్గాయి. డబ్బు అంతే ఉన్నా, తాళంచెవి ఉన్నప్పుడు ఇంటి ముందు నిలబడి జేబులు తడుముకుంటున్న మనిషి ఒకడు మనసులో మెదిలాడన్నమాట. డబ్బు పెరిగినప్పుడు జరిగేదీ ఇలాంటిదే. నష్టపోయినవాడి బాధ పెద్దదిగా కనిపిస్తుంది, ఉంచేసుకుంటే తన కళ్లకు తానే దొంగలా కనిపిస్తాడు.

అధ్యయనం మీద వచ్చిన ఒక విమర్శ మన దేశానికీ వర్తిస్తుంది. ఈమెయిల్ వస్తేనే నిజాయితీ ఉన్నట్టు లెక్క కట్టారు. మన దగ్గర కౌంటర్లో కూర్చున్న గుమాస్తా దొరికిన పర్సును సొరుగులో పెట్టి, ‘వెతుక్కుంటూ వస్తారుగా, ఇద్దాం’ అనుకోవడం ఎంత సహజమో తెలిసిందే. ఈమెయిల్ రాయనంత మాత్రాన అతను దొంగ అయిపోడు. చైనా పరిశోధకులు ఈ అనుమానంతోనే మళ్లీ ప్రయోగం చేసి 2023లో ఫలితాలు ప్రకటించారు. ఈమెయిళ్లు అక్కడ మునుపటిలా తక్కువే వచ్చాయి. వెళ్లి అడిగితే మాత్రం, మొదటి అధ్యయనం చెప్పినదానికన్నా చాలా ఎక్కువ పర్సులు భద్రంగా దొరికాయి. కనుక దేశాలను వరసలో నిలబెట్టే పట్టికలను నేను పెద్దగా పట్టించుకోను. ఎక్కడివాళ్లయినా డబ్బున్న పర్సు విషయంలోనే ఎక్కువ శ్రద్ధ చూపారన్న సంగతి మాత్రం నమ్మదగినది.

మరో రకం ప్రయోగం పాచికలది. ఒంటరిగా గదిలో పాచిక వేసుకోవాలి, పడిన అంకె తానే చెప్పాలి, అంకెను బట్టి డబ్బు ఇస్తారు. ఏ ఒక్కరు అబద్ధమాడారో ఎవరికీ తెలియదు, గుంపు మొత్తం లెక్క చూస్తే తెలుస్తుంది. ఇలాంటి 90 అధ్యయనాలను, 47 దేశాల్లోని 44,000 మందికి పైగా మనుషుల సమాధానాలను ఒకచోట చేర్చి 2019లో లెక్క తీశారు. అబద్ధమాడితే వచ్చే లాభంలో నాలుగింట మూడు వంతులు జనం తమంతట తామే వదులుకున్నారు. పట్టుబడే భయం ఇసుమంత లేని చోట జరిగిన సంగతి ఇది. అబద్ధమాడినవాళ్లలో కూడా చాలామంది అన్నిటికన్నా పెద్ద అంకె చెప్పకుండా, దాని కింది అంకె చెప్పి ఊరుకున్నారు. కొంచెం తీసుకుని, మంచివాళ్లమన్న నమ్మకాన్ని మిగుల్చుకున్నారు.

ఈ రంగంలోనే నిజాయితీ తప్పిన సందర్భాలున్నాయని పాఠకులకు చెప్పకపోతే నేను తప్పు చేసినవాడినవుతాను. ఫారం చివర కాకుండా పైననే సంతకం చేయిస్తే జనం నిజం చెబుతారంటూ 2012లో వచ్చిన ఒక ప్రసిద్ధ పరిశోధన పత్రాన్ని 2021లో ఉపసంహరించారు. అందులోని కార్ల బీమా సమాచారం కల్పితమని తేలింది. దైవాజ్ఞలను గుర్తు చేసుకుంటే మోసం తగ్గుతుందన్న 2008 నాటి ప్రయోగాన్ని పలు దేశాల ప్రయోగశాలలు కలిసి తిరిగి చేస్తే, 2018లో ఆ ఫలితం నిలవలేదు. చిన్న చిట్కాతో మనిషిని మార్చేయొచ్చన్న మాటలన్నిటినీ ఇప్పుడు అనుమానంగానే చూడాలి.

బెంగళూరు విద్యార్థులతో చేసిన పాచికల అధ్యయనం ఒకటి 2017లో వచ్చింది. ఒక్కొక్కరు 42 సార్లు పాచిక వేశారు. అంకెలు పెంచి చెప్పినవాళ్లలోనే ప్రభుత్వోద్యోగం కావాలన్న కోరిక ఎక్కువగా కనిపించింది. ఇలాంటిదే డెన్మార్క్‌లో చేస్తే నిజం చెప్పినవాళ్లే ప్రభుత్వ కొలువు కోరుకున్నారు. దీన్ని పట్టుకుని, పోటీ పరీక్షల కోసం హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో ఏళ్ల తరబడి పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న పిల్లలను అనుమానించడం ఘోరం. ఒక కొలువు గురించి జనంలో ఏ పేరుందో, దాన్ని కోరి వచ్చేవాళ్లూ ఆ పేరుకు తగ్గవాళ్లే ఎక్కువవుతారని మాత్రం ఈ రెండూ కలిపి చెబుతున్నాయి.

మన చట్టం ఈ విషయాన్ని ఎలా చూసిందో చెబితే చాలామందికి కొత్తగా ఉంటుంది. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతి 403వ సెక్షన్ కింద ఉదాహరణలు ఇచ్చారు. రాజమార్గంలో రూపాయి దొరికింది, ఎవరిదో తెలియదు, తీసుకున్నాడు: నేరం కాదు. బ్యాంకు నోటు ఉన్న ఉత్తరం దొరికింది, పైన రాసినదాన్ని బట్టి ఎవరిదో తెలిసింది, అయినా ఉంచేసుకున్నాడు: నేరం. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే 314వ సెక్షన్ అయింది, కనీసం ఆరు నెలల జైలు కూడా చేర్చారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 71వ సెక్షన్ ప్రకారం దొరికిన వస్తువును చేతిలోకి తీసుకున్నవాడు దాన్ని, నమ్మి అప్పగించిన సొత్తులా కాపాడాలి. 72వ సెక్షన్ ప్రకారం పొరపాటున అందిన డబ్బు తిరిగి ఇచ్చెయ్యాలి. యజమాని ఎవరో తెలియడం, తెలుసుకోవడానికి ప్రయత్నించడం, వీటి చుట్టూనే చట్టం తిరుగుతుంది. తాళంచెవి ప్రయోగం చెప్పిందీ ఇంచుమించు ఇదే.

ఇప్పుడు పర్సులకన్నా ఖాతాల్లో పొరపాట్లు ఎక్కువ. 2021లో బీహార్‌లోని ఖగడియా జిల్లాలో ఒకతని ఖాతాలో గ్రామీణ బ్యాంకు పొరపాటున అయిదున్నర లక్షలు పడ్డాయి. ప్రధాని పంపిన డబ్బు అనుకుని ఖర్చు పెట్టేశానన్నాడు, అరెస్టయ్యాడు. దేశమంతా నవ్వుకుంది. 2023 నవంబరులో యూకో బ్యాంకులో జరిగింది మాత్రం నవ్వుకునేది కాదు. తక్షణ చెల్లింపుల వ్యవస్థ ఐఎంపీఎస్‌లో లోపం వల్ల 41,000 మంది ఖాతాల్లో మొత్తం 820 కోట్లు జమ అయ్యాయి, పంపిన వైపు ఖాతాల్లో మాత్రం తగ్గలేదు. కొద్ది రోజుల్లోనే 649 కోట్లు వెనక్కి వచ్చాయని బ్యాంకు చెప్పింది. బ్యాంకు ఖాతాలను నిలిపివేసి రాబట్టింది కనుక అదంతా జనం నిజాయితీ అని రాసుకోలేం. అప్పటికే డ్రా చేసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, సీబీఐ సోదాలు చేయాల్సి వచ్చింది. పర్సు తిరిగిచ్చే మనుషులే ఇక్కడ ఎందుకు తీసేసుకున్నారు? పర్సులో ఒక పేరు, ఒక చీటీ, ఒక తాళంచెవి ఉన్నాయి. ఇక్కడ ఉన్నది ‘బ్యాంకు’ అన్న మాట ఒక్కటే.

యూపీఐలో ఒక అంకె తప్పు కొడితే డబ్బు ఎవరో ఒక మనిషికి వెళ్లిపోతుంది. పోగొట్టుకున్నవాళ్లు తమ బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే, అటువైపు బ్యాంకు అందుకున్నవాళ్లను అడుగుతుంది. వాళ్లు ఒప్పుకుంటేనే డబ్బు తిరిగి వస్తుంది. 2024–25లో 18,500 కోట్లకు పైగా లావాదేవీలు జరిగిన వ్యవస్థలో ఒకరి కష్టార్జితం ముక్కూమొహం తెలియని మరొకరి మంచితనానికి వదిలేశారు. దీన్ని మోసగాళ్లు వాడుకుంటున్నారు. ‘పొరపాటున మీకు అయిదు వేలు పంపాను, ఆస్పత్రి ఖర్చుకండీ, వెనక్కి పంపండి’ అని ఏడుపుగొంతుతో ఫోను వస్తుంది, డబ్బు జమ అయినట్టు దొంగ మెసేజీ కూడా వస్తుంది. నిజాయితీపరులే ఆ వలలో పడతారు. నిజంగా డబ్బు పడిన సందర్భంలోనూ అది ఎక్కడో దోచిన సొమ్ము కావచ్చు, దాని జాడ పట్టుకుని పోలీసులు మన ఖాతా నిలిపివేయించవచ్చు. అందుచేత తిరిగి ఇవ్వాల్సింది బ్యాంకు ద్వారానే: మన ఖాతా వివరాల్లో చూసుకుని, శాఖకు రాతపూర్వకంగా చెప్పి, రసీదు తీసుకుని. మంచి చేయబోయేవాడికి ఇంత జాగ్రత్త అవసరమవడం నాకు బాధగా ఉంది, కానీ అవసరమే.

జపాన్‌లో దారి సులువు. పోయిన వస్తువుల చట్టం ప్రకారం అప్పగించినవాళ్లకు విలువలో 5 నుంచి 20 శాతం దాకా అడిగే హక్కుంది, మూడు నెలల్లో యజమాని రాకపోతే వస్తువు వాళ్లదే. మన కాంట్రాక్టు చట్టంలో బహుమానం మీద దావా వేసే హక్కు, యజమాని ముందుగా ప్రకటించి ఉంటేనే వస్తుంది. జపాన్‌వాళ్ల స్వభావాన్ని పొగిడేవాళ్లు వీధి మలుపులోని చిన్న పోలీసు ఠాణానూ, ఈ చట్టాన్నీ కూడా లెక్కలోకి తీసుకోవాలి. మన దగ్గర స్టేషన్ మెట్లెక్కాలంటే ఉన్న జంకును దాటుకుని ఆ ఆటో డ్రైవర్లు వెళ్తున్నారు.

చిన్న మొత్తాల దగ్గర మన లోకం చాలావరకు ముఖాల మీదే నడుస్తుంది. ఆర్టీసీ బస్సులో కండక్టరు చిల్లర లేక టికెట్ వెనక బాకీ రాసి ఇస్తాడు, దిగేటప్పుడు అడిగి తీసుకుంటాం. ఒకరికొకరు తెలియని ఇద్దరికి కలిపి ఒక నోటిచ్చి ‘మీరిద్దరూ పంచుకోండి’ అంటాడు. ఆ ఇద్దరూ దిగి, పక్క కొట్లో నోటు మార్చుకుని, ఎవరి పైసలు వాళ్లు తీసుకుని విడిపోతారు. ఎంతో అందమైన ఒప్పందం అది.

దొంగనోటు మాత్రం ఎవరినైనా పరీక్షిస్తుంది. మనకు తెలియకుండా వచ్చిన అయిదు వందల నోటు నకిలీదని తేలింది. బ్యాంకుకు తీసుకెళితే నకిలీ అని ముద్ర వేసి ఉంచేసుకుంటారు, రసీదు ఇస్తారు, పైసా ఇవ్వరు. నష్టమంతా ఎవరి చేతిలో బయటపడిందో వాళ్లదే. తెలిసి మరొకరికి అంటగడితే అది యావజ్జీవ శిక్ష దాకా పడగల నేరం. అయినా మర్యాదస్తులే, ‘నాకెవరో అంటగట్టారు, నేనూ ఎక్కడో తోసేస్తాను’ అంటారు. ఎక్కడ? వెలుతురు చాలని చోట, రద్దీలో, చూపు మందగించిన కూరగాయల అవ్వ దగ్గర. అవ్వ ఒక రోజు సంపాదన అందులో పోతుంది. ఆ నోటు చింపేయగలిగే స్తోమత ఉన్నవాళ్లు చింపేయాలి, బ్యాంకుకివ్వడం ఇంకా మంచిది. ఇందులో రెండో మాట లేదని నా అభిప్రాయం.

అప్పుల దగ్గరికి వస్తే చట్టం ఒకటి, ఊరి మాట మరొకటి. ప్రామిసరీ నోటుకు మూడేళ్లు గడువు. అందుకే గడువు ముగిసేలోగా నోటు తిరగరాయించుకుంటారు, లేదా కొంత కట్టించుకుని వెనక చెల్లు రాయించి సంతకం పెట్టించుకుంటారు. మొహమాటానికి పోయి అడగలేదా, నోటు కాలదోషం పట్టిపోతుంది, కోర్టులో అది చిత్తుకాగితం. మొహమాటపడేది ఎప్పుడూ దగ్గరివాళ్లే: తోడబుట్టినవాళ్లు, స్నేహితులు, పక్కింటివాళ్లు. నమ్మి అడగనివాళ్లకే చట్టం నష్టం చేస్తోంది. అయినా కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్లో ఒక తలుపు తెరిచే ఉంచారు: కాలదోషం పట్టిన బాకీని తీరుస్తానని రాసి సంతకం చేస్తే ఆ మాట చెల్లుతుంది. ‘గడువు దాటింది బావా, నేనేం చేయను’ అనేవాళ్లకు ఆ సెక్షన్ చూపించాలి.

తండ్రి అప్పు సంగతి ఇంకా లోతైనది. కొడుకు తండ్రి రుణం తీర్చడం ధర్మమన్న పాత హిందూ న్యాయసూత్రాన్ని కోర్టులు చాలాకాలం పాటించాయి. 2005 హిందూ వారసత్వ సవరణ చట్టం వచ్చాక, ఆ ధర్మం పేరుతో మాత్రమే కొడుకు మీద దావా నిలవదు. తండ్రి నుంచి వచ్చిన ఆస్తి మేరకే బాధ్యత. ఈ సవరణ న్యాయమైనదే, తాగుబోతు తండ్రి అప్పు కింద ఏ పిల్లాడూ నలిగిపోకూడదు. కానీ తండ్రి పొలం అనుభవిస్తూ, ఆయన చేబదులు తీసుకున్న పేద పాలేరు పదివేలకు ‘కాగితం ఉందా?’ అని అడగడం వేరు. ముస్లిం కుటుంబాల్లో జనాజా నమాజు సమయంలో, చనిపోయినవారు ఎవరికైనా బాకీ ఉంటే తమ దగ్గరికి రమ్మని వారసులు నలుగురిలో ప్రకటిస్తారు. కాగితం లేనివాడికి ధైర్యమిచ్చే ఆచారం అది. పెద్దకర్మ రోజున అందరి ఇళ్లలోనూ ఆ మాట అనాలని నా కోరిక.

ఇంతవరకు చూసినవాటిలో చాలావరకు ఏదో ఒక ముఖం ఉన్న వ్యవహారాలే. మధ్యతరగతి పెద్ద మొత్తాల దగ్గర జారే చోట ముఖమే లేదు. అద్దె కట్టకుండానే అద్దె రసీదులు పెట్టడం, ఎప్పుడూ ఇవ్వని విరాళానికి మినహాయింపు అడగడం, ‘బిల్లు వద్దులెండి, తగ్గించి ఇవ్వండి’ అనడం. అన్నిటికన్నా పెద్దది ఇల్లూ స్థలమూ. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్, బదిలీ సుంకం కలిపి 7.5 శాతం. బయటి ధరకూ ప్రభుత్వ విలువకూ మధ్య తేడా బ్లాకు. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదు పుచ్చుకోకూడదని 2015 జూన్ నుంచి ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది, పుచ్చుకుంటే అంత మొత్తమూ జరిమానా. అయినా ఆ సంచులు ఎన్ని ఇళ్లలో చేతులు మారుతున్నాయో ఊరందరికీ తెలుసు. పక్కింటివాళ్ల నుంచి తెచ్చుకున్న గిన్నెడు పంచదార మరునాడే తిరిగిచ్చే ఇంట్లోనే అవి చేతులు మారుతాయి. ప్రభుత్వమే తింటోంది కదా అంటారు. పోయేది ప్రభుత్వానిది అనుకుంటారు గానీ, ఆస్పత్రిలో మంచం దొరకనివాడికి ముఖం ఉంది, మనం చూడం.

పల్లెల్లో తెల్లవార్లూ ఆడిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి ‘సత్య హరిశ్చంద్రీయం’లో కాటిసీను కోసం జనం నిద్రమానుకుని కూర్చునేవారు. అక్కడ హరిశ్చంద్రుడు సుంకం అడుగుతున్నది కన్నకొడుకు శవాన్ని తెచ్చిన భార్యను. సుంకం చేరాల్సిన యజమాని ఆ చోట లేడు, చూడడు, అడగడు. కళ్లెదుట ఉన్న ముఖం లోకంలో తనకు అందరికన్నా దగ్గరిది. ముఖం లేనివాడి పక్షాన నిలబడటం ఎంత కష్టమో ఆ సన్నివేశం చూపినంతగా ఏ ప్రయోగమూ చూపలేదు. ఆ సీనుకు కన్నీళ్లు పెట్టుకున్న తరాల పిల్లలం మనం.

అలాగని జనం మారరని నేను అనుకోను. 2015లో వంటగ్యాస్ రాయితీ వదులుకోమని అడిగితే, ఏడాది తిరిగేసరికి కోటి మందికి పైగా వదులుకున్నారు. అలా మిగిలిన డబ్బుతో ఒక పేదింటికి కనెక్షన్ వెళ్తుందని చెప్పారు, పొగలో వండుకునే ఒక ముఖం చూపించారు. 2025లో ఆదాయపు పన్ను శాఖ, అనుమానం ఉన్న మినహాయింపుల గురించి ఫోన్లకు సందేశాలు, ఈమెయిళ్లు పంపింది. నాలుగు నెలల్లో దాదాపు 40,000 మంది 1,045 కోట్ల మేర తప్పుడు క్లెయిములు తామే ఉపసంహరించుకున్నారని జూలైలో ప్రకటించింది. భయం వల్లే చేశారని తేలిక చేయనక్కర్లేదు, సరిదిద్దుకునే దారి తెరిచి ఉండడం కూడా అందులో పనిచేసింది.

ఇళ్ల అమ్మకాల్లో ఆ దారి వేయడం కష్టం, ఎందుకంటే బ్లాకు దొంగనోటులాగే నడుస్తుంది. బ్లాకులో పుచ్చుకున్నవాడు మళ్లీ బ్లాకులోనే కొనాలి, తన మీదికి వచ్చిన భారాన్ని మరొకరి మీదికి తోయాలి. మొత్తం వైటులో ఇస్తానన్న కొనుగోలుదారుకు ఇల్లు దొరకదు. అయితే బ్యాంకు రుణంతో అపార్ట్‌మెంట్ కొనే జీతగాళ్ల దగ్గర ఈ గొలుసు ఇప్పటికే కొంత తెగుతోంది. దస్తావేజులో రాసిన విలువను బట్టే బ్యాంకు రుణం ఇస్తుంది గనక, వాళ్లకు ఆ అంకె నిజానికి దగ్గరగా ఉండక తప్పదు. అలాంటివాళ్లు ఎక్కువమంది ఉన్న వెంచర్లలో బిల్డర్లు చెక్కులకు అలవాటు పడుతున్నారు. ప్రభుత్వ విలువలను బయటి ధరకు దగ్గరగా తెచ్చి, అదే సమయంలో 7.5 శాతాన్ని తగ్గిస్తే తక్కువ రాసుకోవడం వల్ల మిగిలేది పెద్దగా ఉండదు. అంతవరకు ఆగక్కర్లేనివాళ్లు కూడా ఉన్నారు: బ్లాకు అవసరం లేకపోయినా ‘అందరూ అలాగే కదా’ అని అడుగుతున్న అమ్మకందార్లు. అడ్వాన్సు ఇచ్చే రోజునే ‘మొత్తం చెక్కుగా తీసుకుంటారా?’ అని వాళ్లను అడగాలి.